కిటికీ అక్కా, బొగ్గుపులుసు గాలీ

వచ్చే వారం నుంచి కుట్టుపనిలోకి మళ్లీ వెళ్తున్నానని, మధ్యాహ్నాలు పాపను నీ దగ్గరే వదులుతానని కూతురు అన్నప్పుడు కిటికీ అక్క గుండె గుభేలుమంది. పైకి మాత్రం సరేనంది. పసిబిడ్డను చూసుకోవడానికి భయమేస్తోందని ఏ అమ్మమ్మ నోరు తెరిచి చెబుతుంది? చెప్పినా ఎవరు నమ్ముతారు?

ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, అది వాడక లేక ఎప్పుడో తుప్పు పట్టిపోయింది. ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు కిటికీ ఎక్కడుందో చూసేది. అది తెరిచాకే "బాగున్నారా" అని అడిగేది. సినిమాకు వెళ్తే తలుపు పక్క సీటు దొరికితేనే కూర్చునేది, లేకపోతే టిక్కెట్టు చించేసి ఇంటికొచ్చేసేది. మొగుడు బస్సు డ్రైవరు. తన బస్సులో కిటికీ అద్దాలు వదులైపోయింది రోడ్డు గుంతలవల్ల కాదనీ, ఇంటావిడ వల్లనేననీ డిపోలో అందరికీ చెప్పి నవ్వించేవాడు. నవ్వేవాళ్లు నవ్వారు. గడియ తీసేటప్పుడు ఆమె వేళ్లు వణికేవన్న సంగతి మాత్రం కట్టుకున్నవాడు కూడా కనిపెట్టలేదు.

అనుమానం పెనుభూతం అంటారు. చాలామంది భూతాలకు పేరుండదు. ఈమె భూతానికి పేరుంది. బొగ్గుపులుసు వాయువు.

ఆమె తండ్రి బావుల్లో పూడిక తీసేవాడు. పాడుబడ్డ బావిలో దిగేముందు ఆ పనివాళ్లకు ఒక కట్టడి ఉండేది. తాడుకు లాంతరు కట్టి లోపలికి దించాలి. అడుగు దాకా వెలుగుతూ వెళ్తే మనిషి దిగొచ్చు. మధ్యలో ఆరిందా, ఎవరెంత చెప్పినా ఆ పూట దిగకూడదు. దీపం బతికితే మనం బతుకుతామని తండ్రి కూతురికి ఎక్కాల్లాగా వల్లె వేయించాడు. చెప్పడంలో అంత గట్టివాడు చేయడంలో ఒకే ఒక్కసారి మెత్తబడ్డాడు. ఆ రోజు ఆమె టీ క్యాను పట్టుకుని బావి గట్టు మీదే ఉంది. లాంతరు సగంలో ఆరింది. పైకి లాగి మళ్లీ వెలిగించి దించాడు. మళ్లీ ఆరింది. తాడు కుదుపుకి ఆరిందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. చీకటి పడకముందే పని ముగించాలని తొందర.

"ఇక్కడే ఉండు తల్లీ, ఇప్పుడే వస్తా" అన్నాడు.

ఆమె గట్టు మీదికి వంగి చూస్తూనే ఉంది. తండ్రి నిచ్చెన మెట్లు దిగాడు. బురద దాకా వెళ్లాక ఒకసారి తలెత్తి పైకి చూశాడు, ఏదో మరిచిపోయి అడగబోతున్నవాడిలా. ఆ తర్వాత నిద్రొచ్చినవాడిలా గోడకు చేరగిలి మెల్లగా కూర్చుండిపోయాడు. అరుపు లేదు, రక్తం లేదు. మనిషి కళ్లముందే ఉన్నాడు, మనిషి లేడు. అంత చప్పుడు లేని చావును చూసిన పిల్ల ఆ తర్వాత నిశ్శబ్దాన్ని కూడా నమ్మలేకపోయింది.

కొన్నాళ్లకు బడికి వెళ్లింది. మాస్టారు మంచివాడు. తండ్రి ఎందుకు పోయాడో పిల్లకు తెలియాలనుకున్నాడో ఏమో, ఆ రోజు పాఠం పక్కన పెట్టి నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో బొగ్గుపులుసు వాయువు అని రాశాడు. బొగ్గుతో పులుసేమిటని వెనక బెంచీ కిసుక్కుమంది. మాస్టారు కళ్లెర్ర చేశాడు. పులుసంటే ఇక్కడ పులుపని, సోడా తాగితే నాలుక చురుక్కుమనేది దీనివల్లేనని చెప్పాడు. దీనికి రంగుండదు, వాసనుండదు, మామూలు గాలికంటే బరువు కాబట్టి గోతుల్లో, బావుల్లో పేరుకుంటుంది. మనం ఊపిరి వదిలినప్పుడు నోట్లోంచి వచ్చేదీ ఇదే.

"అయితే పిల్లలూ, ఈ వాయువే గనక లేకపోతే..." అని మాస్టారు అంటుండగా ఇంటి గంట మోగింది.

గంట మోగాక ఏ పిల్లలు ఆగుతారు? బెంచీలు ఖాళీ అయ్యాయి. మర్నాటి నుంచి తల్లి కూలికి వెళ్లాల్సొచ్చింది. తమ్ముణ్ని చూసుకోవడానికి ఈమె ఇంట్లో ఉండిపోయింది. బడి అంతటితో సరి. ఆ వాక్యం రెండో సగం నల్లబల్ల దగ్గరే మిగిలిపోయింది. మొదటి సగం మాత్రం ఆమెతో ఇంటికొచ్చింది.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి నోరు తెరిచి ఊదింది. అద్దం మీద తెల్లగా పొగమంచు పట్టింది. నాన్నను చంపింది తన నోట్లోంచే వస్తోందన్నమాట. పావడా అంచుతో ఆ మరకను గబగబా తుడిచేసి వీధిలోకి పరుగెత్తింది. ఆ పరుగు ఇన్నేళ్లయినా ఆగలేదనే చెప్పాలి.

కూతురు పుట్టాక భయం రెట్టింపైంది. బిడ్డకు పాలిస్తున్నంతసేపూ ముఖం కిటికీవైపు తిప్పుకునేది. పక్కలో పడుకోబెట్టుకుంటే వీపు బిడ్డవైపు, ముఖం గోడవైపు. జ్వరమొచ్చి పిల్ల మూలుగుతుంటే నోటికి గుడ్డ కట్టుకుని నుదుటి మీద తడిబట్ట వేసేది. ఒకసారి కూతురు బడినుంచి వచ్చి, మెడకు చేతులు వేసి, చెంపకు చెంప ఆనించబోయింది. ఈమె ఉలిక్కిపడి నెట్టేసింది. పిల్ల పడలేదు, ఏడవనూ లేదు. పుస్తకాల సంచీ తీసుకుని పక్కగదిలోకి వెళ్లిపోయింది. అమ్మకు నేనంటే గిట్టదని ఆ పూట పిల్ల మనసులో రాసుకున్నది తర్వాత చెరిగిపోలేదు.

ఉన్నమాట చెప్పేస్తే పోయేది కదా అని మనకనిపిస్తుంది. చెబితే పిల్ల తన ఊపిరికి తానే భయపడుతూ పెరుగుతుందని ఆ తల్లి లెక్క. తనతోనే పోనీ అనుకుంది. కూతురి దృష్టిలో రాతిగుండె మనిషిగా బతకడానికి ఒప్పుకుంది. ప్రేమ లేకపోతే ఎవరూ అంత నష్టానికి ఒప్పుకోరు. కానీ ప్రేమకు నోరుండాలి కదా, ఈమె ఆ నోటికే గుడ్డ కట్టింది.

ఇప్పుడు కూతురికి పాప. పుట్టినప్పుడు ఆరోగ్యకేంద్రంలో నర్సు ఒక రబ్బరు బొమ్మను బల్ల మీద పడుకోబెట్టి తల్లులందరికీ చూపించింది. పసివాళ్లకు పాలు పొరబోయి ఊపిరాగితే ముంజేతి మీద బోర్లా వేసి, తల కాస్త కిందికి ఉంచి, వీపు తట్టాలి. అప్పటికీ ఊపిరి రాకపోతే ముక్కూ నోరూ కలిపి మన నోటితో మూసి, బుగ్గల్లో పట్టేంత గాలి మాత్రమే ఊదాలి. తలుపు దగ్గర నిలబడ్డ కిటికీ అక్క ఉండబట్టలేకపోయింది. వదిలే ఊపిరి బిడ్డకు పోస్తారా అని అడిగేసింది. పీల్చిన మంచిగాలిలో మనం వాడుకునేది కొంచెమేననీ, చాలావరకు అలాగే తిరిగొస్తుందనీ నర్సు నవ్వుతూ చెప్పింది. ఈమె తలూపింది. ఒక్క ముక్క కూడా నమ్మలేదు.

కూతురు పనిలో చేరింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కిటికీ అక్కకు మొక్కల నర్సరీలో పని, ఆ తర్వాత పాప.

ఆ నర్సరీ పొడవాటి గాజు షెడ్డు. లోపల నారు పెంచడానికి గాజు గోడల చిన్న చిన్న గదులు, ఒక్కో గది ఒక్కో మనిషికి. ఆమె ఆ పనిలో కుదిరింది జీతం చూసి కాదు, పైకప్పుకు కూడా కిటికీలుండడం చూసి. పొద్దున్నే వచ్చి అన్నీ తెరిచేది. ఆమె గదిలో నారు అందరికంటే ముందు ఏపుగా లేచేది. హస్తవాసి మంచిదన్నారు. తోటి ఆడవాళ్లు విత్తనాల పొట్లాలు తెచ్చి ఒకసారి ముట్టుకుని ఇమ్మనేవారు. ఆమె సిగ్గుపడుతూ ముట్టుకునేది. చెయ్యి కాదు, కిటికీ పెంచుతోందని ఎవరికీ తెలియదు, ఆమెకు అంతకన్నా తెలియదు.

ఆ ఏడు చలి ముదిరింది. నారు గడ్డకట్టుకుపోతుందని పైకప్పు కిటికీలన్నీ మూయించి, గడియలకు తీగ చుట్టించాడు సూపర్‌వైజరు. ఆయన్ను అందరూ కళ్లద్దాల సారు అనేవారు. గదిగదికీ వెళ్లినప్పుడల్లా అద్దాలకు ఆవిరి పట్టి, తుడుచుకునేసరికి సగం ఉద్యోగం అయిపోయేది. తీగ చుట్టిన గడియను చూడగానే కిటికీ అక్కకు బావి గట్టు గుర్తొచ్చింది. నోటికి రెండు మడతల గుడ్డ కట్టుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గదిలోకి వెళ్లేది. నీళ్లు చల్లి, ట్రేలు తిప్పి, ఊపిరి బిగబట్టుకుని బయటికొచ్చేసేది.

కొన్నాళ్లకు ఆమె నారు ఎదగడం మానేసింది. నీళ్లున్నాయి, ఎరువుంది, చలి తగలడం లేదు, గాజులోంచి ఎండ పడుతోంది. అయినా ఆకులు చిన్నగా, పాలిపోయి, ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. పక్కగదిలో రేడియో వదిన నారు మాత్రం ఇంతెత్తున లేచింది. రేడియో వదిన అంటే నోటికి మూత లేని మనిషి. వినేవాళ్లు లేకపోయినా మొక్కలతో, గోడలతో, తనతో తాను మాట్లాడుకుంటూ పొద్దంతా గదిలోనే ఉండేది. కిటికీ అక్క తన నారును చూసి నాన్న కూర్చుండిపోయినట్టే కూర్చుండిపోతున్నాయి అనుకుంది. మూసిన గదిలో బొగ్గుపులుసు గాలి పేరుకుందని, అది తన నోటిదేనని ఖాయం చేసుకుంది. గుడ్డ మూడో మడత వేసింది. గదిలో ఉండే సమయం ఇంకా తగ్గించింది. నారు ఇంకా పాలిపోయింది.

కళ్లద్దాల సారు చేతిలో గాలిని కొలిచే చిన్న పెట్టెతో వచ్చాడు. గదిలో దాన్ని పట్టుకుని చాలాసేపు చూశాడు.

"అక్కా, మీరు ఈ గదిలో అసలు ఉండడం లేదా?" అని అడిగాడు.

దొంగతనం బయటపడ్డట్టు ఆమె బిక్కచచ్చిపోయింది. ఉంటే తన ఊపిరికి చచ్చిపోతాయని భయమేసిందని గుడ్డలోంచే గొణిగింది. ఆయన నవ్వలేదు. ఎందుకట్లా అనుకున్నారని అడిగాడు. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. బావి, లాంతరు, మాస్టారు, ఇంటి గంట, అన్నీ అక్కడే నిలబడి చెప్పేసింది.

"మాస్టారి మాటలో మిగతా సగం నేను చెప్తాను" అన్నాడాయన. "ఆ గాలే లేకపోతే ఆకు బతకదు. ఆకు బతక్కపోతే మనం బతకం. మొక్క నేలను తిని పెరుగుతుందనుకుంటాం. నేల ఇచ్చేది నీళ్లూ, కాస్త ఉప్పూ. ఒళ్లంతా గాల్లోంచే కట్టుకుంటుంది. కట్టె కాలిస్తే బొగ్గెందుకొస్తుంది? గాల్లో ఉన్న బొగ్గును ఆకు లాక్కుని కట్టెలో దాచింది కాబట్టి. మీ గదిలో ఉన్నదంతా ఈ నారు తినేసింది. కిటికీ లేదు, మీ ఊపిరీ లేదు. ఇవి ఆకలితో ఉన్నాయక్కా."

గాజు గోడ అవతలినుంచి రేడియో వదిన అందుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటే ఇదేనని, ఇంట్లో తన వాగుడికి విలువ లేకపోయినా నారుకు తెలిసిందని ఆవిడ ఆనందం. కళ్లద్దాల సారు కూడా నవ్వాడు. కిటికీ అక్కకు నవ్వు రాలేదు.

"మరి మా నాన్న?" అంది.

"గాలిలో అది ఎంత ఉంటుందో తెలుసా? పదివేల బిందెల గాలిలో నాలుగు బిందెలు, అటూ ఇటుగా. ఆ నాలుగు బిందెల మీదే అడవులూ, పంటలూ, మనమూ. అది కప్పుకునే భూమి గడ్డకట్టకుండా ఉంది. మీ నాన్నగారు దిగిన బావిలో అది వేల బిందెలై ఉంటుంది. నీళ్లు లేకపోతే చస్తాం, నీళ్లలో మునిగినా చస్తాం. నీళ్లను తిట్టం కదా."

ఇంత చల్లని మాట విన్నాక భయం పోవాలి. ఆమెకు పోలేదు, ఇంకొకటి పుట్టింది. ఇంటికి వెళ్తుంటే దారి పక్క చెట్టూ చెట్టూ నాలుగు బిందెల మీద నిలబడ్డట్టు కనిపించింది. ఎదురొచ్చే బస్సుల పొగ చూస్తే ఆ బిందెలు పొంగిపోతున్నట్టు అనిపించింది. తక్కువైతే ఆకలిచావు, ఎక్కువైతే ఒళ్లు కాగి చావు. ఇంత లోకం ఇంత సన్నని దారం మీద వేలాడుతుంటే జనం బజారులో కూరగాయలు బేరమాడుతున్నారేమిటని ఆశ్చర్యపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

మర్నాడు గదిలోకి వెళ్లి, కళ్లు గట్టిగా మూసుకుని, నోటి గుడ్డ విప్పింది. నారు మీదికి వంగి ఊపిరి వదిలింది. ఎవరినో చంపుతున్నట్టే ఉంది. అయినా రోజూ ఆ గదిలోనే కూర్చుంది. కొద్దికొద్దిగా ఆకుల్లోకి పచ్చదనం తిరిగొచ్చింది. తన ఊపిరి తిని ఒక ప్రాణి లేచి నిలబడడం కళ్లారా చూసింది. ఆ రోజు గాజు గదిలో ఆమె ఎందుకేడ్చిందో రేడియో వదినకు కూడా చెప్పలేదు.

అయితే ఆకు వేరు, బిడ్డ వేరు. మొక్కకు అన్నమైనది మనిషికి విషం కాకుండా పోతుందా? నాన్న మొక్క కాడు కదా. ఆమె వాదన అది, అందులో తప్పు పట్టడం కూడా కష్టమే. అందుకని నర్సరీలో విప్పిన గుడ్డ ఇంటికి రాగానే మళ్లీ కట్టుకునేది. పాపను ఉయ్యాలలో వేసి కిటికీలు బార్లా తెరిచేది. చలిగాలి గదిలోకి జొరబడేది. పాపకు జలుబు చేసింది, ముక్కులు బిగిశాయి.

కూతురు వచ్చి చూసి అరవలేదు. అరిచినా బాగుండేది.

"నన్నెలాగూ దగ్గరికి తీసుకోలేదు. దీన్నైనా చలిలో పెట్టకమ్మా. రేపు కిటికీలు తెరిచి కనిపిస్తే పని మానేసి నేనే చూసుకుంటాను. ఇక నిన్ను ఇబ్బంది పెట్టను" అంది.

ఇబ్బంది అన్న మాట ఆమెకు గుండెలో గుచ్చుకుంది. కూతురు గడప దిగాక మళ్లీ ఎక్కదని అర్థమైంది. కూతురినీ మనవరాలినీ ఒకేసారి పోగొట్టుకోవడమా, మూసిన గదిలో పాపతో ఉండడమా? ఆమె కిటికీలు మూసింది.

మూసిన మర్నాటి మధ్యాహ్నం. గదిలో తనూ పాపా. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టుంది. బావి గట్టు రాళ్లలాగే ఉన్నాయి ఆ గోడలు. పాపకు సీసాతో పాలు పట్టింది, ముఖం పక్కకు తిప్పుకునే. పాప ముక్కు బిగిసి గుటకకూ గుటకకూ మధ్య ఎగశ్వాస తీస్తోంది. సగం తాగాక ఉయ్యాలలో వేసి, గుడ్డలో తన ఊపిరి తనకే వేడిగా తగులుతుంటే ఇక ఉండలేక, ఒక్క నిమిషం వసారాలోకి వెళ్లింది. లోపల వదలాల్సిన ఊపిరంతా బయట వదిలి వద్దామని. తలుపు చెక్కకు ఆనుకుని వదిలింది, పీల్చింది, మళ్లీ వదిలింది.

లోపల చప్పుడు లేదు.

ఆ నిశ్శబ్దం ఆమెకు తెలుసు. చిన్నప్పుడు గట్టు మీద నుంచి విన్నదే. ఒక్క అంగలో లోపలికొచ్చింది. పాప మూతి పక్కన పాలు కారి ఉన్నాయి. పెదవులు నీలంగా మారాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, ఏదో మరిచిపోయి అడగబోతున్నట్టు.

పాపను తీసి ముంజేతి మీద బోర్లా వేసింది. తల కిందికి వంచింది. వీపు తట్టింది. ఇంకా తట్టింది. పాలు గడ్డలా వచ్చి నేల మీద పడ్డాయి. ఊపిరి రాలేదు. వెల్లకిలా తిప్పింది. ఛాతీ కదలడం లేదు. నర్సు, రబ్బరు బొమ్మ, బుగ్గల్లో పట్టేంత గాలి. ఇంట్లో ఇంకెవరూ లేరు. వీధిలోకి పరుగెత్తి ఎవరినైనా పిలవాలంటే అంత వ్యవధి లేదు. ఉన్నది తన నోరొక్కటే, ఇన్నేళ్లూ బిడ్డలకు తగలకుండా దాచుకున్న నోరు.

లాంతరు ఆరిపోయిన బావిలోకి దిగుతున్నానని ఆమెకు అనిపించింది. తండ్రి దిగినట్టే దిగింది. గుడ్డ లాగి పారేసి, పాప ముక్కూ నోరూ తన నోటితో మూసి, బుగ్గల్లో ఉన్న గాలి మెల్లగా ఊదింది. చిన్న ఛాతీ లేచింది. పడింది. మళ్లీ ఊదింది. నాన్నా, నాన్నా అని మనసులో పిలుస్తూ ఊదింది. పిచ్చుకంత ఒళ్లు ఒక్కసారి జలదరించి, దగ్గి, ముఖమంతా ఎర్రబడేలా ఏడుపందుకుంది. లోకంలో అంత మంచి చప్పుడు ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆ ఏడుపు వీధి దాకా వినపడింది. కుట్టుపని కొట్టునుంచి తొందరగా బయల్దేరి వస్తున్న కూతురు పరుగున లోపలికొచ్చింది. తల్లి నేల మీద కూలబడి ఉంది. పాప ముఖానికి ముఖం ఆనించి, ఆ చిన్న ముక్కు దగ్గర ఊపిరి వస్తోందా లేదా అని మళ్లీ మళ్లీ చూసుకుంటోంది. సంగతి రెండు ముక్కల్లో తెలిసింది. ఇద్దరూ పాపను చుట్టుకుని ఆరోగ్యకేంద్రానికి పరుగెత్తారు. డాక్టరు గుండె విని, ఛాతీ విని, చాలాసేపు పక్కనే ఉంచుకుని చూసి, గండం గడిచిందన్నాడు. బొమ్మ మీద నేర్పిన నర్సే అక్కడ ఉంది. అమ్మమ్మ ఊపిరి నిలబెట్టిందని కూతురితో చెప్పింది.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. పాప నిద్రపోయింది. కూతురు వెళ్లలేదు. పాప దుప్పటి సర్ది, తల్లివైపు తిరిగి అడిగింది.

"దాన్నంత దగ్గరికి తీసుకోగలిగావు. నన్నెందుకు తీసుకోలేదమ్మా?"

తల్లి అలవాటు కొద్దీ ముఖం కిటికీవైపు తిప్పుకుంది. ఎదురుగా కళ్లలోకి చూస్తూ చెప్పే మాట కాదది. కిటికీ రెక్కకే చెబుతున్నట్టు మొదలుపెట్టింది. బావి, ఆరిపోయిన లాంతరు, సగంలో మోగిన గంట, అద్దం మీద ఊపిరి మరక. నెట్టేసిన ఆ సాయంత్రం గుర్తుందని కూడా చెప్పింది. కూతురి చేతిలో ఉన్న పుస్తకాల సంచీ రంగు కూడా గుర్తుందంది.

"నా ఊపిరి తగిలితే నువ్వు కూడా అట్లా కూర్చుండిపోతావేమోనని భయపడ్డానే. నువ్వంటే గిట్టక కాదు."

కూతురు లేచి వచ్చి ఆమె గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది. తల్లి ఊపిరి బిగబట్టింది. ఎంతసేపని బిగబడుతుంది? ఏడుపు తన్నుకొచ్చాక ఊపిరి ఆగదు కదా. అది కూతురి చెంపల మీదికి వెచ్చగా వచ్చి తగిలింది. కూతురు కదల్లేదు. చిన్నప్పుడు ఆనించబోయిన చెంపనే ఇప్పుడు తెచ్చి ఆనించి, అట్లాగే ఉండిపోయింది.

కిటికీ అక్క భయం ఆ పూటతో పోయిందని చెబితే అబద్ధం. బావులన్నా, గోతులన్నా ఇప్పటికీ ఆమెకు వణుకే. పొగ కక్కే బస్సుల్ని చూస్తే మొగుడిదైనా సరే తిట్టుకుంటుంది. నారుగదిలో మాత్రం గుడ్డ కట్టుకోవడం లేదు, ఈమధ్య రేడియో వదినకు పోటీగా మొక్కలతో మాట్లాడుతోందని కూడా చెప్పుకుంటున్నారు. ఆ రాత్రి మాత్రం ముగ్గురూ ఒకే మంచం మీద ఒకళ్ల ముఖం ఒకళ్లకు ఆనుకుని పడుకున్నారు. గదిలో కిటికీలు మూసే ఉన్నాయి. తెరవాలన్న సంగతి ఆమెకు గుర్తే రాలేదు.